బొంత మూల మీద ఒక పేరు

సంపాదకుల గారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో పాతకాలపు అమెరికా బొంతల గురించి మీరు వేసిన పేజీని మా కోడలు వాట్సాప్‌లో పంపింది. మీ పేపరు మా ఇంటికీ వస్తుంది గానీ ఆ రోజుది నా చేతికి రాకముందే మా మనవడు నోటుపుస్తకాలకు అట్టలు వేసేసుకున్నాడు. ఫొటోలు చాలా బాగున్నాయి. వ్యాసం మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఏ బొంత వేలంలో ఎంత పలికింది అన్న దగ్గరే తిరిగింది. ఇంత డబ్బా అని నేనూ ముక్కున వేలేసుకున్నాను, అది వేరే సంగతి. నేను రాస్తున్నది ధర గురించి కాదు. మూడో ఫొటో కింద మీరు వేసిన ఒక్క లైను గురించి: 'పేరు తెలియని బానిస మహిళ కుట్టిన బొంత.'

ఆ బొంతకు పేరుంది. దాన్ని కుట్టినామె హారియెట్ పవర్స్. 1837లో జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే ఊరి దగ్గర బానిసగా పుట్టిన మాట నిజమే. కానీ అమెరికాలో బానిసత్వం 1865లోనే రద్దయింది. మీరు ఫొటో వేసిన బొంత ఆమె 1890లలో కుట్టింది. అప్పటికి ఆమె ఎవరి బానిసా కాదు. ఇప్పుడది బోస్టన్ మ్యూజియంలో ఉంది. ఆమెదే మరో బొంత, బైబిల్ కథలతో కుట్టింది, వాషింగ్టన్‌లో ఉంది.

ఇవన్నీ నాకెట్లా తెలుసంటారా? నేను ముప్పై ఏళ్లకు పైగా గవర్నమెంటు హైస్కూళ్లలో క్రాఫ్ట్ టీచరుగా చేశాను. ఆడపిల్లలకు రన్నింగు, హెమ్మింగు, కాజాలు కుట్టడం నేర్పడం నా ఉద్యోగం. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి అమెరికాలోని మేరీల్యాండ్ వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. అక్కడ నాకు పనేముంటుంది? లైబ్రరీలో బొంతల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. హారియెట్ బొంతలు రెండూ ఫొటోల్లోనే చూశాను.

మీరు వేసిన బొంతలో పదిహేను గళ్లున్నాయి. ఒక గడిలో 1833 నవంబరు 13 తెల్లవారుజామున ఆకాశం నుంచి చుక్కలు రాలిన వింత. అది ఆమె పుట్టకముందు సంగతి, పెద్దవాళ్లు చెప్పుకోగా విన్నది. ఇంకో గడిలో 1895 ఫిబ్రవరిలో వచ్చిన గడ్డకట్టే చలి. మరో చోట ఒక పంది. జార్జియా నుంచి వర్జీనియా దాకా ఐదు వందల మైళ్లు పరుగెత్తిన పంది అట. దాని పేరు బెట్స్. ఆమె చెప్పిన వివరం చెప్పినట్టే ఎవరో రాసి పెట్టారు కాబట్టి పంది పేరు కూడా మిగిలింది. మీ పేజీలో కుట్టినామె పేరు పోయింది.

వాషింగ్టన్‌లో ఉన్న బైబిల్ కథల బొంతే ముందు కుట్టింది. దాన్ని హారియెట్ 1886లో ఏథెన్స్‌లో జరిగిన పత్తి సంతలో పెట్టింది. అక్కడ జెన్నీ స్మిత్ అనే డ్రాయింగ్ టీచరు చూసి కొంటానంది. ఎంతిచ్చినా ఇవ్వనంది హారియెట్. తర్వాత ఇల్లు గడవడం కష్టమై 1891లో తనే అమ్మకానికి వచ్చింది. పది డాలర్లు అడిగింది, ఆ టీచరు దగ్గర ఐదే ఉన్నాయి. మొగుడు కూడా తీసుకోమంటే ఒప్పుకుంది. ఎద్దుల బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట, ఉతికిన పిండి సంచిలో చుట్టి, దాని మీద గోనె సంచి తొడిగి. ఇచ్చే ముందు ఒక్కో గడిలో ఏముందో వివరంగా చెప్పింది, టీచరు రాసుకుంది. అమ్మేశాక కూడా బొంతను చూసుకోవడానికి పలుమార్లు ఆ ఇంటికి వచ్చిపోయిందట. ఆదోని యార్డుకు పత్తి మూటలతో బండ్లు రావడం చూస్తూ పెరిగినదాన్ని, ఆ బండి నా కళ్లకు కట్టింది.

ఇక నా సొంత గోడు. మూడేళ్ల కిందట మన జిల్లాలో ఒక హస్తకళల ప్రదర్శన పెట్టారు. ఎవరు పెట్టారో చెప్పను, వాళ్లకు తెలుస్తుంది. పాత బట్టపని ఉంటే ఇమ్మని తెలిసినవాళ్ల ద్వారా అడిగితే మా అమ్మ కుట్టిన బొంత ఇచ్చాను. చూద్దామని రెండో రోజు పోతే దాని మీద చీటీ: 'అతుకుల దుప్పటి, గ్రామీణ మహిళల హస్తకళ.' పక్కన సుగాలి తండా నుంచి తెచ్చిన అద్దాల రవికకు కూడా ఇంచుమించు అదే చీటీ. అమ్మ పేరు రాయండి నాయనా అని అక్కడున్న పిల్లాణ్ని అడిగాను. "చీటీలో ప్లేస్ లేదు మేడం" అన్నాడు. వాడి తల మీదుగా కనిపించే ఫ్లెక్సీలో ముఖ్య అతిథి పేరు మాత్రం మూరెడు అక్షరాల్లో ఉంది. బొంత తిరిగొచ్చినప్పుడు ఆ చీటీని నాలుగు స్టాప్లర్ పిన్నులతో కొట్టి ఉంది. పిన్నులు తుప్పు పట్టి నాలుగు చోట్లా మరకలు పడ్డాయి. నిమ్మకాయ, ఉప్పు పెట్టి రుద్దితే మూడు పోయాయి. ఒకటి అట్లాగే ఉంది.

అదేం బొంత అని మీరు అడగలేదు, అయినా చెప్తాను. పైన పరిచింది ఇల్కల్ చీర. దాని కొంగు ఎరుపు ఇప్పటికీ ఏమాత్రం తగ్గలేదు. లోపల మూడు పొరలు పాత నేత చీరలు. మధ్యలో మా నాయన గళ్ల రుమాలు నాలుగు ముక్కలుగా. ఒక మూల బాగా చీకిపోయిన ముదురు నీలం గుడ్డ ఉంది. అదేందమ్మా అంటే, "గంజి కరువు యేడు నా పెండ్లి. అప్పుడు పెట్టిన చీర మే అది, ఇంకేముండాది దాంట్లో" అనేది. అంటే 1952. దబ్బనంతో కుట్టింది, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చతురంగా తిరుగుతూ వస్తుంది కుట్టు. మా పక్కింటి కన్నడంవాళ్లు దీన్నే కౌది అంటారు. కుట్టు నేర్పే టీచరుగా చెప్తున్నా, అంగుళానికి నాలుగు కుట్లు, మొదటి వరసలో ఎట్లున్నాయో చివరి వరసలోనూ అట్లే ఉన్నాయి. నావల్ల కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మూల మీద నీ పేరు కుట్టిస్తానమ్మా అన్నాను. "నా పేరెందుకు మే, కప్పుకునేది మీరు గదా" అంది. నేనూ ఊరుకున్నాను. అప్పుడు ఊరుకోవడం నా తప్పు.

తమాషా ఏమిటంటే ఆ బొంత మీద ఒక గుర్తు మాత్రం ఉంది. రెండు చుక్కలు, పక్కన అడ్డగీత. అది మా చాకలి తాత పెట్టిన గుర్తు. నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో గుడ్డ మూల గీసి, మీద తడి సున్నం అద్దేవాడు. ఆ రసం చేతికి తగిలితే పొక్కులొస్తాయి, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఎన్ని చాకిరేవులకు పోయినా ఆ గుర్తు పోలేదు. కాబట్టి బొంత ఏ ఇంటిదో దాని మీదే రాసుంది. ఎవరు కుట్టారో లేదు.

అమెరికాలో కూడా ఈ తేడా చూశాను. 1820ల నుంచి అక్కడ, రంధ్రాలు కొట్టిన అట్టలతో డిజైను నడిపే జకార్డు మగ్గాల మీద ఉన్ని, నూలు కలిపి దుప్పట్లు నేసేవాళ్లు. మన ధర్మవరం నేతగాళ్లకు అట్టలు, రంధ్రాలు అంటే చెప్పక్కర్లేదు, అదే పద్ధతి. ఆ దుప్పటి మూలలో చిన్న గడి వదిలి అందులో పేరు, ఊరు, సంవత్సరం నేసేవాళ్లు. దుప్పటిని తిరగేస్తే అక్షరాలు అద్దంలో చూసినట్టు కనిపిస్తాయి. చాలా వాటి మీద ఉన్న పేరు నేసినవాడిది కాదు, దుప్పటి చేయించుకున్న ఇంటామెది. న్యూయార్క్ రాష్ట్రంలో హ్యారీ టైలర్ అనే నేతగాడు తన గుర్తుగా మొదట్లో సింహం బొమ్మ, తర్వాత గద్ద బొమ్మ వేసేవాడు. మా చాకలి తాత చుక్కల్లాగే.

బాల్టిమోర్‌లో 1840లు, 50లలో ఆల్బమ్ బొంతలని కుట్టారు. ఒక్కో గడి ఒక్కొక్కరు కుట్టి, సిరాతో సంతకం పెట్టి, అన్నీ జోడించి ఊరు విడిచి వెళ్లే పాదిరి గారికో, పెళ్లి కూతురికో ఇచ్చేవాళ్లు. అప్పటి కొన్ని సిరాల్లో ఇనుము ఉండేది. అది గుడ్డను తినేసి అక్షరం ఉన్న చోట ఇప్పుడు చిల్లి మిగిలింది. నల్లజీడి దొరికి ఉంటే ఎంత బాగుండేది!

వాషింగ్టన్‌లో ఒక పెద్ద జెండా మాత్రం కళ్లారా చూశాను. మసక వెలుతురు గదిలో, కొంచెం వాలుగా పడుకోబెట్టి అద్దం వెనక పెట్టారు. 1814లో బాల్టిమోర్ కోట మీద ఎగిరిన జెండా అది. మొదట 30 అడుగులకు 42 అడుగులు. గుర్తుగా ఉంటుందని అడిగినవాళ్లకల్లా ముక్కలు కత్తిరించి ఇస్తూ పోతే ఇప్పుడు 34 అడుగులే మిగిలింది. ఒక నక్షత్రం కూడా అట్లాగే పోయింది. కుట్టింది మేరీ పికర్స్‌గిల్ అనే వితంతువు, కూతురినీ మేనకోడళ్లనూ, గ్రేస్ విషర్ అనే పనిపిల్లనూ పక్కన పెట్టుకుని. ఇల్లు సరిపోక దగ్గర్లోని బీరు తయారుచేసే కార్ఖానాలో నేల మీద పరిచి కుట్టారట. అన్నిటికంటే ఎక్కువ నాకు నచ్చింది ఆమె బిల్లు. 405 డాలర్ల 90 సెంట్లని 1813లో రాసిన ఆ కాగితం ఉండబట్టి జెండా ఎవరు కుట్టారో గట్టిగా చెప్పగలుగుతున్నారు. మా అమ్మ ఎవరికీ బిల్లు వేయలేదు.

మన దగ్గర జ్ఞాపకంగా గుడ్డ దాచే అలవాటు లేదని కొందరంటారు. నేనొప్పుకోను. ముందు వాళ్ల సంగతి చెప్తాను. 1888లో అమెరికా ఎన్నికల్లో థర్మన్ అనే ఆయన వైస్ ప్రెసిడెంటుకు నిలబడ్డాడు. నశ్యం పీల్చి ఎర్ర చేతిరుమాలుతో ముక్కు తుడుచుకోవడం ఆయన అలవాటు. అదే పార్టీ గుర్తయిపోయి ఎర్ర రుమాళ్లు కట్టలు కట్టలుగా అచ్చువేశారు. ఓడిపోయారు, కానీ రుమాళ్లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ రుమాలుకు వాళ్లు వాడే మాట 'బండానా', అది మన దేశపు బాంధ్నీ అద్దకం నుంచి పోయిన మాటే. మన దగ్గరా ప్రతి ఎన్నికకూ కండువాలు పంచుతారు, మర్నాటి నుంచి వాటితో ట్రాక్టర్ అద్దాలు తుడుస్తారు. కానీ నా దగ్గర 1983 నాటి పసుపు కండువా ఒకటుంది, మా ఆయనది. మా కోడలు అడిగినా తుడవడానికివ్వలేదు.

1876లో వాళ్ల దేశానికి నూరేళ్లు నిండాయని ఫిలడెల్ఫియాలో పెద్ద సంబరం చేశారు. ఆ భవనాల బొమ్మలతో అచ్చేసిన గుడ్డలు కొనుక్కెళ్లి ఆడవాళ్లు బొంతల్లో కలిపి కుట్టుకున్నారు. అదే ఏడాది మన బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో మహా కరువు మొదలైంది. ఆ కరువులో బతికినవాళ్లు ఏ గుడ్డను దేనికి అతికారో ఇప్పుడు చూపించే ముక్క నాకెక్కడా కనిపించలేదు. మా అమ్మ నీలం గుడ్డను ఇంత గట్టిగా పట్టుకోవడానికి అదీ ఒక కారణమే.

కాబట్టి నా మనవి. ముందు హారియెట్ పవర్స్ పేరుతో ఒక సవరణ వేయండి, చిన్న అక్షరాల్లోనైనా ఫర్లేదు. రెండోది, ఆదివారం పేజీలో అరచేతంత స్థలం బొంతలకివ్వండి. పాఠకులు ఫొటో పంపుతారు. కుట్టినామె పేరు, ఊరు, ఏ చీరలతో కుట్టింది, ఎవరు పుట్టినప్పుడు కుట్టింది, నాలుగు లైన్లు చాలు. ధర వద్దు. ప్రదర్శనలు పెట్టేవాళ్లకు కూడా మీ ద్వారానే ఒక మాట: చీటీలో పేరుకు చోటు వదలండి, చీటీని దారంతో కట్టండి, పిన్నులు కొట్టకండి.

పోయిన నెలలో, నీలం గుడ్డ ఉన్న మూల వెనకవైపు ఎర్ర దారంతో అమ్మ పేరు కుట్టాను. చెయిన్ స్టిచ్, పేరు పూర్తి కావడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. కళ్లద్దాలతో కూడా సూదిలోకి దారం ఎక్కడం లేదు, మనవడు ఎక్కించాడు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. పేపర్లో పడితే అమ్మ ఒప్పుకునేది కాదు, బొంత మీదైతే సగమైనా ఒప్పుకునేదేమో. సంవత్సరం 1964 అని కుట్టబోయి ఆగాను. నేను ఒకటో తరగతిలో ఉండగానా, రెండులోనా అన్నది మా అక్కనడిగి ఖాయం చేసుకోవాలి. ఆమె ఎమ్మిగనూరులో ఉంది, దసరాకు వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత క్రాఫ్ట్ టీచరు,
ఆదోని

తా.క.: నా పేరు, అడ్రసు విడి కాగితం మీద రాసి జత చేశాను. బొంత అమ్ముతారా అని ఎవరైనా మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆ కాగితం మాత్రం ఇవ్వకండి.