తీరం దాటాకే మాకు భయం

సంపాదకుడు గారికి,

నమస్కారం. చలికాలం వాయుగుండాల గురించి పేపర్లూ టీవీలూ చెప్పే పద్ధతి మీద ఒక మాట అనాలని రాస్తున్నాను. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిన దగ్గర్నుంచి రోజూ పటం వేస్తారు, గాలి వేగం చెబుతారు, కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో రాస్తారు. ‘తీరం దాటింది’ అన్నాక ఆ వార్త లోపలి పేజీకి పోతుంది. మా ఇంట్లో మాత్రం అసలు భయం అప్పుడే మొదలవుతుంది.

మాది కోవూరు, పెన్న పక్కన. పుట్టిల్లు నందలూరుకు దగ్గర్లో, చెయ్యేటి ఒడ్డున. 2021 నవంబరు 19, కార్తీక పున్నమి. వాయుగుండం తెల్లవారుజామునే ఎక్కడో పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. హమ్మయ్య అనుకునేలోపే చెయ్యేటి మీద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఏటి పక్క శివాలయానికి దీపాలు పెట్టడానికి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. మా అన్న ఫోన్ చేసి ‘ఏరు ఇంట్లోకొచ్చేసింది పాపా’ అన్నాడు, అంతే, లైన్ తెగిపోయింది. మిద్దె ఎక్కి బతికారని తెలిసేసరికి సాయంత్రమైంది.

చెయ్యేరు పోయి పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిల మీదుగా మా దగ్గరికే వస్తుంది. మర్నాటికి అన్న ఇల్లు ముంచిన నీళ్లే మా వీధిలో ఉన్నాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. హైవే తెగి లారీలు బారులు తీరాయి. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే వానకు మునిగినదాన్ని కనుక ఈ ఉత్తరం రాసే హక్కు నాకు ఉందనుకుంటాను.

ఇంత చేసిన ఆ వాయుగుండానికి పేరు కూడా లేదు. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే దాన్ని తుపాను అంటారు, అప్పుడే పేరు పెడతారు. అంటే పేరు గాలిని బట్టి పెట్టేది, వానను బట్టి కాదు. పేరున్నదానికి మొదటి పేజీలో చోటు దొరుకుతుంది. పేరు లేనిది ‘ఓ మోస్తరు వర్షాలు’ అన్న మూలన పడి ఉంటుంది. వాయుగుండం దక్షిణాన ఎక్కడ ఒడ్డెక్కినా, దానికి ఉత్తరం వైపున తూర్పుగాలి సముద్రం తడినంతా మోసుకొచ్చి వెలికొండలకూ శేషాచలానికీ కొడుతుంది. కొండ అడ్డం వచ్చేసరికి గాలి పైకెక్కి చల్లబడి, తెచ్చిందంతా అక్కడే కుమ్మరిస్తుంది. అప్పటికే ఈశాన్య రుతుపవనాల వానకు చెరువులు నిండి ఉంటాయి. నిండిన చెరువులో మిగులు నీళ్లు బయటికి పోయే దారిని మా వైపు కలుజు అంటారు, చిత్తూరు వైపు మొరవ అంటారు, ఏదన్నా అది పారుతూనే ఉంటుంది. ఇక కొత్త నీటికి చోటెక్కడ? తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట కారుతోందని కింది ఊళ్లను ఖాళీ చేయించింది కూడా ఆ రోజుల్లోనే.

కొండ అయితే ఇంకా ఆలస్యంగా పగ తీర్చుకుంటుంది. తిరుమల పైకెళ్లే ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడింది డిసెంబరు 1న, ఆ వాయుగుండం పోయిన పన్నెండు రోజులకు. ఈలోపు మళ్లీ వానలు పడ్డాయి, నిజమే. కానీ నానిన కొండ మనం క్యాలెండర్లో కొట్టేసిన తేదీతో పని లేకుండా జారుతుంది.

అన్న ఫోనుకు జాగ్రత్తగా ఉండమని మెసేజ్ రాకపోలేదు. బురదలోంచి తీసి, బియ్యం డబ్బాలో నాలుగు రోజులు పెట్టి, ఆన్ చేశాక చదువుకున్నాడు. ఇప్పటికీ వాళ్ల ముందుగది గోడ మీద నీళ్లు నిలిచిన చార ఉంది. రెండుసార్లు సున్నం వేసినా పైకి తేలుతోందని వదిన దాని మీద క్యాలెండర్ తగిలించింది. పొలంలో ఇసుక మేట సంగతి వేరే ఉత్తరం అవుతుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చు పనేమీ కాదు. హెచ్చరిక జిల్లాల లెక్కన కాకుండా ఏర్ల లెక్కన ఇవ్వాలి. చెయ్యేటికి వరద వస్తోందంటే ఏ జిల్లావాళ్లయినా ఒడ్డున ఉన్నవాళ్లకు అర్థమవుతుంది. పైనున్న పింఛా ప్రాజెక్టులో నీళ్లు పెరుగుతున్నాయంటే ఆ కబురు కింది ఊరికి నీళ్లకన్నా ముందు చేరాలి. రాత్రిపూట మెసేజ్ చదివేదెవరు? సైరన్ మోగాలి, లేదా పాత పద్ధతిలో దండోరా వేయించండి. అన్నమయ్య ప్రాజెక్టుకు ఉన్న అయిదు గేట్లలో ఒకటి ఆ రోజు లేవలేదు. కాబట్టి ప్రతి ప్రాజెక్టు గేటునూ వినాయక చవితి నాటికే ఒకసారి పూర్తిగా ఎత్తి దించి, ఆ ఊరివాళ్ల ఎదురుగానే చూపించాలి.

మిమ్మల్ని కూడా ఒకటి అడుగుతాను. ఈసారి వాయుగుండం పటం వేసినప్పుడు బాణం గుర్తును తీరం దగ్గర ఆపకండి. పక్కనే పెన్న, చెయ్యేరు, స్వర్ణముఖి, కాళంగి గీతలు కూడా గీసి, ఏ నీళ్లు ఏ ఊరికి ఎన్నాళ్లకు చేరతాయో రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కోవూరు, నెల్లూరు జిల్లా