సౌష్ఠవం పాఠం ఏడో తరగతితో ఆగిపోకూడదు

సంపాదకుడు గారికి,

కాగితం మడిచి సీతాకోకచిలుక బొమ్మకు సౌష్ఠవ రేఖ గీయడం ఆరు, ఏడు తరగతుల్లో నేర్పుతున్నారు. సమబాహు త్రిభుజానికి మూడు రేఖలు, చతురస్రానికి నాలుగు, వృత్తానికి లెక్కలేనన్ని అని పిల్లలు చక్కగా చెబుతారు. ఆ తర్వాత ఇంటర్ అయిపోయేదాకా సౌష్ఠవాన్ని ఒక ఆలోచనా పద్ధతిగా వాళ్లకు ఎవరూ చూపించరు. చాలా ఏళ్లు ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పినవాడిగా దీన్ని చిన్న లోపం అనుకోలేకపోతున్నాను.

ఒక మార్పు చేశాక కూడా వస్తువు ముందున్నట్టే ఉంటే, ఆ మార్పుకు సంబంధించి దానికి సౌష్ఠవం ఉందంటాం. ఆ మార్పు తిప్పడం కావచ్చు, అద్దంలో చూడటం కావచ్చు, పక్కకు జరపడం కావచ్చు. బొమ్మలకు ఎలా వర్తిస్తుందో సమీకరణాలకు, ప్రకృతి నియమాలకు కూడా అలాగే వర్తిస్తుంది. అసలు ఉపయోగమంతా అక్కడే ఉంది.

కేంద్ర విద్యా సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ప్రచురించే పన్నెండో తరగతి ఫిజిక్స్ పుస్తకంలో ఒక లెక్క ఉంది. ఘనం పన్నెండు అంచుల మీద ఒకే విలువ ఉన్న పన్నెండు నిరోధాలు పెట్టి, ఒక మూలకూ దానికి పూర్తిగా ఎదురుగా ఉన్న మూలకూ బ్యాటరీ కలిపితే మొత్తం నిరోధం ఎంత? శ్రేణి, సమాంతర సూత్రాలతో ఇది తేలదు. సౌష్ఠవాన్ని వాడుకోమని పుస్తకమే చెబుతుంది. మొదటి మూలలోకి వచ్చిన కరెంటుకు మూడు దారులుంటాయి. రెండు చివరి మూలలూ కదలకుండా ఘనాన్ని తిప్పితే ఒక దారి ఇంకో దారి స్థానంలోకి వచ్చేస్తుంది, కాబట్టి మూడింటికీ తేడా లేదు. కరెంటు మూడు సమాన భాగాలవుతుంది. తర్వాతి మూలలో ఒక్కో భాగం రెండుగా చీలి ఆరో వంతు అవుతుంది. ఆపైన రెండేసి కలిసి మళ్లీ మూడో వంతు. ఈ చివర నుంచి ఆ చివరకు ఏదో ఒక దారి వెంట మూడు నిరోధాల మీద తగ్గే వోల్టేజీలను కూడాలి, అవి ఈ కరెంటు వంతుల లెక్కలోనే ఉంటాయి: మూడో వంతు, ఆరో వంతు, మూడో వంతు కూడితే ఆరింట అయిదు వంతులు. ఒక్కో నిరోధం విలువ 6 ఓమ్‌లయితే జవాబు 5 ఓమ్‌లు. సమీకరణాలు గుట్టగా పేర్చాల్సిన పనే లేదు.

కానీ చాలా క్లాసుల్లో జరిగేది వేరు. ఎదురు మూలకు 5/6, పక్క మూలకు 7/12, ఒకే ముఖం మీద కర్ణానికి 3/4 అని బట్టీ పట్టిస్తారు. పరీక్షలో ఒక అంచు మీద నిరోధం మార్చి ఇస్తే, ఇంకా ఏ సౌష్ఠవం మిగిలిందో చూసుకోవాలని పిల్లలకు తట్టదు. టెన్షన్ పడి ప్రశ్న వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. సిలబస్ భారం తగ్గించాలని 2022లో పదకొండో తరగతి ఫిజిక్స్ నుంచి 'భౌతిక ప్రపంచం' అనే మొదటి అధ్యాయాన్ని ఎన్‌సీఈఆర్‌టీ తొలగించింది. ఇప్పుడు పుస్తకం నేరుగా ప్రమాణాలు, కొలతలతో మొదలవుతోంది. ప్రకృతి నియమాలు నిన్నా ఇవాళా ఒకటే కావడం వల్ల శక్తి నిత్యత్వం (మొత్తం శక్తి పెరగదు, తరగదు), అన్ని చోట్లా ఒకటే కావడం వల్ల ద్రవ్యవేగ (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) నిత్యత్వం, ఏ దిక్కుకు తిరిగినా ఒకటే కావడం వల్ల కోణీయ ద్రవ్యవేగ (తిరగడానికి సంబంధించిన ద్రవ్యవేగం) నిత్యత్వం వస్తాయని ఆ అధ్యాయం చెప్పేది. అది పోయాక ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సూత్రాలుగా మిగిలాయి.

సౌష్ఠవానికీ ఈ నిత్యత్వ నియమాలకూ ఉన్న సంబంధాన్ని నిరూపించింది జర్మన్ గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోథర్. గణిత శాస్త్రవేత్తలు హిల్బర్ట్, క్లైన్ 1915లో ఆమెను జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయానికి పిలిపించారు. ఆడమనిషని విశ్వవిద్యాలయం ఉద్యోగం ఇవ్వలేదు, ఆమె చెప్పే పాఠాలను హిల్బర్ట్ పేరు మీద ప్రకటించేవారు. ఆ స్థితిలోనే 1918లో తన సిద్ధాంతాన్ని ప్రచురించింది. యూదురాలని 1933లో నాజీ ప్రభుత్వం తొలగిస్తే అమెరికా వెళ్లి, 1935లో అక్కడే కన్నుమూసింది. మన అమ్మాయిలు ఎంతమంది ఇంజనీరింగ్ చదువుతున్నారో చూస్తూ కూడా, ఇంటర్ దాటేలోపు ఆమె పేరు వినిపించకపోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

సౌష్ఠవం ఉందని ముందే నమ్మేయకూడదన్న సంగతీ పిల్లలకు చెప్పాలి. రేడియోధార్మిక బీటా క్షయం (పరమాణు కేంద్రకం ఎలక్ట్రాన్‌ను బయటకు విసరడం) లాంటి ప్రక్రియల్లో ప్రకృతి అద్దంలోని ప్రతిబింబంతో సరిపోలుతుందో లేదో ఎవరూ పరీక్షించలేదని భౌతిక శాస్త్రవేత్తలు లీ, యాంగ్ 1956లో ఎత్తిచూపారు. భౌతిక శాస్త్రవేత్త చియెన్-షియుంగ్ వూ బృందం రేడియోధార్మిక కోబాల్ట్-60తో ప్రయోగం చేసి, సరిపోలదని తేల్చింది. మందుల్లోనూ ఇలాంటిది ఉంది. తుమ్ములకు సెట్రిజిన్ అయితే 10 మిల్లీగ్రాములు, లెవోసెట్రిజిన్ అయితే 5 ఇస్తారు. ఆ అణువుకు ఎడమచేయి, కుడిచేయి లాంటి రెండు రూపాలున్నాయి. సెట్రిజిన్‌లో రెండూ సగం సగం ఉంటాయి, పనిచేసేది ప్రధానంగా ఒకటే. దాన్నే విడిగా ఇస్తే సగం మోతాదు చాలు. నీట్ రాసే పిల్లలు ఈ రూపాల పేర్లు కంఠస్థం చేస్తారు, ఇంట్లో ఉన్న మాత్రతో కలిపి చూడరు.

సిలబస్ ఇప్పటికే మోయలేనంత ఉందంటారు, నిజమే. అందుకే కొత్త అధ్యాయం అడగడం లేదు. తొలగించిన ఆ రెండు మూడు పేరాలను శక్తి నిత్యత్వ పాఠంలో చేర్చాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధ్యాయ శిక్షణ చూసే ఎస్‌సీఈఆర్‌టీలు వేసవి శిక్షణలో లెక్కల, సైన్స్ ఉపాధ్యాయులను కలిపి కూర్చోబెట్టి ఈ విషయం మీద ఒక రోజు కేటాయించాలి. ఇంటర్ బోర్డులు ప్రశ్నపత్రం తీరు మార్చాలి. ఘనం లెక్క నాలుగు మార్కులకు ఇస్తే, జవాబుకు ఒక మార్కు, కరెంటు మూడు సమాన భాగాలు ఎందుకయిందో రాసినందుకు మూడు మార్కులు ఇవ్వాలి.

— విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి