గడువు లేని లైసెన్సుకూ ఒక లెక్క ఉంది

సంపాదకులు గారికి నమస్కారాలు.

అమెరికాలో చిన్న విమానాల ప్రమాదాలపై మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, అక్కడి ప్రైవేటు పైలట్ లైసెన్సుకు కాలపరిమితి లేదనీ, ఒకసారి సంపాదించుకున్నవారు జీవితాంతం ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేకుండా ఎగరవచ్చుననీ రాశారు. మొదటి మాట నిజమే కానీ రెండోది నిజం కాదు. టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో చిన్న విమానం నడిపే పాఠకుడిగా, ఇటీవలే నా ఫ్లైట్ రివ్యూ (ఇన్‌స్ట్రక్టర్ వద్ద రెండేళ్లకోసారి జరిగే నైపుణ్య సమీక్ష) పూర్తిచేసుకున్నవాడిగా ఈ వివరణ రాస్తున్నాను.

లైసెన్సు కార్డు మీద గడువు తేదీ ఉండదు. అయితే ఫెడరల్ విమానయాన నిబంధనల్లోని 61.56 సెక్షన్ ప్రకారం, గడచిన 24 క్యాలెండర్ నెలల్లో అర్హత గల ఇన్‌స్ట్రక్టర్ వద్ద ఫ్లైట్ రివ్యూ పూర్తిచేసి, లాగ్‌బుక్‌లో ఆ మేరకు సంతకం పొంది ఉంటే తప్ప, పక్క సీటు ఖాళీగా ఉన్నా సరే, విమానం బాధ్యత పైలట్ తన చేతిలోకి తీసుకోవడానికి వీల్లేదు. 2023 మార్చి 10న రివ్యూ అయినవారికి 2025 మార్చి 31 వరకు చెల్లుతుంది. కనీసం ఒక గంట నేల మీద పాఠం, ఒక గంట గాలిలో శిక్షణ తప్పనిసరి. ఆ వ్యవధిలో కొత్త రేటింగ్ (లైసెన్సుకు చేర్చే అదనపు అర్హత) పరీక్ష నెగ్గినవారికీ, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నడిపే వింగ్స్ అనే శిక్షణ కార్యక్రమంలో ఒక దశ ముగించినవారికీ మినహాయింపు ఉంది. వైద్య ధ్రువపత్రం సంగతి వేరు. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలన్నది ఇంకో నిబంధన.

ఈ రివ్యూలో పాస్, ఫెయిల్ అనేవి లేవు. ఇన్‌స్ట్రక్టర్‌కు తృప్తి కలగకపోతే ఆ రోజు ఎగిరిన సమయాన్ని మామూలు శిక్షణగా లాగ్‌బుక్‌లో రాస్తారు; పైలట్ మరికొంత సాధన చేసి మళ్లీ వస్తాడు. ఇది అలసత్వమని వ్యాసకర్తకు అనిపించవచ్చు గానీ, నా దృష్టిలో ఈ ఏర్పాటుకున్న బలమే అది. పరీక్షాధికారి ముందు ఎవరైనా తమకు బాగా వచ్చినదే చూపిస్తారు. సంతకం దక్కకపోయినా లైసెన్సుకు ముప్పు లేదని తెలిసినప్పుడు మాత్రమే, అడ్డగాలిలో దిగడమంటే తనకు ఈ మధ్య బెరుకుగా ఉంటోందని పైలట్ నోరు తెరిచి చెప్పగలుగుతాడు.

ఆ గంటలో ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. కార్బ్యురేటర్ ఉన్న పాతకాలపు సెస్నా 172లో మూడువేల అడుగుల ఎత్తున వెళ్తుండగా, ఇన్‌స్ట్రక్టర్ మాట మధ్యలో చెయ్యి చాపి థ్రాటిల్‌ను పూర్తిగా వెనక్కి లాగి, ‘ఇప్పుడు మీ ఇంజన్ ఆగిపోయింది’ అంటారు. ముందుగా ముక్కును సరిచేసి వేగాన్ని 65 నాట్ల దగ్గర నిలబెట్టాలి; గాలి ఎటు వీస్తోందో చూసుకుని దిగడానికి పొలం ఎంచుకోవాలి; ఆ తర్వాతే కార్బ్యురేటర్‌లో మంచు కరిగించే హీట్, ఇంధనం మీట, గాలి-ఇంధనం పాళ్లు మార్చే మిక్స్చర్, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు వరుసగా తడుముకోవాలి. తెలిసిన వరుసే అయినా, చాలాకాలంగా చేయనివారి చెయ్యి ముందు మీటల మీదికే పోతుంది. ఈలోగా వేగం పడిపోయి, ఎడమ రెక్క అంచున ఉన్న స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక సన్నగా మూలగడం మొదలుపెడుతుంది. పుస్తకం ఎంత చదివినా ఈ లోపం బయటపడదు.

వ్యాసకర్త నిజంగా తప్పు పట్టదలిస్తే పట్టవలసినది వేరే చోట ఉంది. ఏయే విన్యాసాలు చేయించాలన్నది నిబంధన జాబితాగా చెప్పదు. దాన్ని ఇన్‌స్ట్రక్టర్ విచక్షణకే వదిలేసింది. ఆ ఇన్‌స్ట్రక్టర్‌ను ఎంచుకునేది పైలటే. పైగా, తనకు రేటింగ్ ఉన్న ఏదో ఒక విమానంలో రివ్యూ అయితే చాలు కనుక, ఒంటి ఇంజన్ సెస్నాలో సంతకం తెచ్చుకున్నవారు, అర్హత ఉంటే, జంట ఇంజన్ల విమానాన్నీ అదే సంతకంతో నడపవచ్చు. స్నేహితుడైన ఇన్‌స్ట్రక్టర్‌తో కబుర్లాడుతూ గంట లెక్క సరిపెట్టుకునేవారూ లేకపోలేదు. కనీసం అన్న మాటను చాలామంది ఇంతే చాలు అన్న అర్థంలో తీసుకుంటారు. (గడువులోగా వెళితే బండి నడిపి చూపకుండానే డ్రైవింగ్ లైసెన్సు పునరుద్ధరించుకునే మనకు ఈ ధోరణి కొత్తేమీ కాదు.)

తేదీ చెల్లుబాటులో ఉండటానికీ, పైలట్ ఆ రోజు ఆ ప్రయాణానికి సిద్ధంగా ఉండటానికీ సంబంధం ఎంత తక్కువో 1999 జూలై 16 రాత్రి జరిగిన ప్రమాదం చూపుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కుమారుడు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ నడుపుతున్న పైపర్ సరటోగా అనే చిన్న విమానం మసాచుసెట్స్ తీరంలోని మార్థాస్ వినియార్డ్ దీవి సమీపంలో సముద్రంలో కూలిపోయింది. ఆయన లైసెన్సు పొందింది 1998లో. అంటే రెండేళ్ల గడువు ఇంకా నిండనే లేదు. మసక చీకట్లో, నీటి మీద, దిక్కు తెలియని స్థితిలో విమానాన్ని అదుపు చేయలేకపోవడమే కారణమని జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాల ఆధారంగా ఎగరడానికి కావలసిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఆయనకు లేదు. అందుకే రివ్యూలో కొంతసేపైనా బయటి దృశ్యం కనిపించకుండా కళ్లద్దాలు పెట్టుకుని, పరికరాలు మాత్రమే చూస్తూ వెనక్కి తిరగడం సాధన చేయాలని, నిబంధన అడగకపోయినా, నేను పట్టుబడతాను.

చివరగా ఒక విన్నపం. ప్రాణనష్టం జరిగిన ప్రమాదాలపై ఆ బోర్డు వెలువరించే నివేదికల్లో పైలట్ వివరాల కింద చివరి ఫ్లైట్ రివ్యూ తేదీ సాధారణంగా ఉంటుంది. ఇకపై ఇటువంటి వార్తలు రాసేటప్పుడు లైసెన్సు ఉందా లేదా అన్నదానితో ఆగకుండా, ఆ తేదీని, ఆ రకం విమానంలో పైలట్‌కు ఉన్న గంటల్ని కూడా మీ విలేఖరులు పాఠకులకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
డల్లాస్, టెక్సాస్