మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా?

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. జ్ఞానాన్ని పిల్లలే నిర్మించుకోవాలని మీ సమావేశంలో చెప్పారనీ, అలాగైతే ఇక మాస్టరుకు పనేమిటనీ వేళాకోళంగా రాశావు. వేళాకోళమైనా అది అడగవలసిన ప్రశ్నే.

ఐదో తరగతిలో మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా అని అడిగి చూడు. చాలామంది నాలుగోవంతే అంటారు, మూడు కంటే నాలుగు పెద్దది కదా! అది అజాగ్రత్త కాదు. పూర్ణసంఖ్యల్లో ఇన్నాళ్లూ నమ్మకంగా పనిచేసిన సూత్రాన్నే వాళ్లు ఇక్కడా వాడుతున్నారు. హారం పెరిగితే విలువ తగ్గుతుందని బోర్డు మీద రాసేస్తే అది పరీక్ష దాకా గుర్తుంటుంది గానీ, పాత నమ్మకం లోపల చెక్కుచెదరదు. అందుకే నేను ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలిచ్చి, ఒకదాన్ని మూడు, మరొకదాన్ని నాలుగు సమభాగాలుగా మడవమంటాను. మూడుగా మడవడానికే సగం పీరియడు పోతుంది, పోనీ. ముక్కలు పక్కపక్కన పెట్టి చూశాక ఎవరో ఒకరు, "ఎక్కువమంది పంచుకుంటే తక్కువే వస్తుంది కదండీ" అంటారు. అందరూ ఆ మాట పట్టుకుని కుదుటపడేలోగా, "మరి మూడింట రెండు వంతులు, నాలుగింట మూడు వంతులు?" అని అడుగుతాను. హారం పెద్దదైనా ఈసారి నాలుగింట మూడు వంతులే పెద్దవి, కనుక మళ్లీ గోల మొదలవుతుంది. ఏ ప్రశ్న ఎప్పుడు వేయాలో ముందే ఆలోచించుకోవడం మాస్టరు పని కాక మరెవరిది?

పారిస్‌లో తెలివితేటల పరీక్షలపై పనిచేస్తున్నప్పుడే, ఈ ఆలోచనకు ఆద్యుల్లో ఒకడైన స్విస్ మనస్తత్వవేత్త పియాజేకు పిల్లల తప్పు జవాబుల వెనకున్న తర్కం మీద ఆసక్తి కలిగింది. ఆయన పుట్టిన 1896లోనే పుట్టిన రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ, పిల్లవాడు ఒంటరిగా చేయలేక, పెద్దల సాయంతోనో తెలిసిన తోటివారి సాయంతోనో చేయగలిగేచోటే బోధన జరగాలన్నాడు. పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయమని దీనికి అర్థం చెప్పేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూడిక గుర్తునూ, గుణింతాన్నీ ఎవరూ కనుక్కోనక్కర్లేదు, హాయిగా చెప్పేయవచ్చు.

2005 నాటి జాతీయ విద్యాప్రణాళికా చట్రం, 2011లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యాప్రణాళిక పరిధి పత్రం ఈ ఆలోచనను మన పాఠ్యపుస్తకాల్లోకి తెచ్చాయి. కానీ ప్రాజెక్టు పనులు చాలాచోట్ల గైడు చూసి ఎక్కించేవిగా, నెట్ సెంటర్లో ప్రింటు తీయించేవిగా మిగిలిపోయాయి. మార్కులైతే పడ్డాయి లే.

నువ్వు ఆరో తరగతికి దశాంశాలు మొదలుపెట్టే ముందు, 0.5, 0.25లలో ఏది పెద్దదో అడిగి, వాళ్ల జవాబులను వాళ్లు చెప్పే కారణాలతో సహా నాకు రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు