వాన చప్పుడుకు ఉలిక్కిపడే విద్యార్థులు

సంపాదకులకు నమస్కారం.

2021 నవంబరులో పెన్నా వరద కోవూరు పరిసరాలను ముంచెత్తి, పడుగుపాడు వద్ద రైలు కట్టను కోసేసిన సంగతి మన నెల్లూరు జిల్లావాసులకు గుర్తుండే ఉంటుంది. తర్వాత కట్టను మళ్లీ నిలబెట్టారు, రైళ్లు నడిచాయి. కానీ మరుసటి ఏడాది వాన మొదలవగానే పుస్తకాలు సర్దుకొని తరగతి నుంచి వెళ్లిపోయిన ఒక ఇంటర్ విద్యార్థిని క్రమశిక్షణ లేదని అందరి ముందూ మందలించిన అధ్యాపకుణ్ణి నేనే. 2021 వరదలో వాళ్ల ఇల్లు మునిగిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

భయానక సంఘటన ముగిసిన తర్వాత కూడా మనసును వెంటాడే మానసిక ఆఘాతానంతర రుగ్మతకు అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే తన రోగనిర్ధారణ గ్రంథంలో చోటిచ్చింది. యువత ఆఘాతాలపై ప్రత్యేక కృషి చేసే కౌన్సెలింగ్ ఆచార్యులు పిల్లలతో మాట్లాడటం ఒక్కటే కాకుండా, పరిశోధన చేస్తూ, కొత్త కౌన్సెలర్లకు శిక్షణనిచ్చి, వారు నిర్వహించే సంభాషణలను పర్యవేక్షిస్తూ, ఒక తరం నిపుణులను తయారు చేస్తారు. మన దగ్గర ఇదొక వృత్తి అని చెబితే, ‘బుద్ధులు చెప్పడానికి కూడా చదువా?’ అంటారు. బుద్ధులు చెప్పడం నాకూ వచ్చు. దాని ఫలితం పైన రాశాను.

2022లో మొదలైన టెలీమానస్ 14416 అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ మేలైనదే, అయితే ఫోను చేయాలని పిల్లవాడికి తోచాలి కదా. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం అధ్యాపకులకు ఈ విషయంలో శిక్షణనిచ్చే కోర్సును, దానికి తగిన ఆచార్య పదవిని పరిశీలించాలని మనవి.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, నెల్లూరు