ఆ 14వ రోజు అందరిదీ కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘నెలసరి మొదలైన 14వ రోజున అండం విడుదలవుతుంది’ అని రాశారు. ఇదే మాటను ముందు నుంచీ నమ్మి, బిడ్డ కోసం ఎదురుచూస్తూ నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను.

నాకు పెళ్లికి ముందు నుంచీ నెలసరి 35 రోజులకోసారి వస్తుంది. అండం విడుదలయ్యాక తర్వాతి నెలసరికి సుమారు 14 రోజులు పడుతుంది. మనిషిని బట్టి ఎక్కువగా మారేవి అంతకు ముందు రోజులే. కాబట్టి రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. నాకు అండం విడుదల 21వ రోజు ప్రాంతంలో పడుతుంది. ఇది తెలియక ప్రతి నెలా ముందే ఆశపడి, అసలు రోజులు వచ్చేసరికి ఊరుకునేవాళ్లం.

ఆపైన ఒక ఆసుపత్రిలో 21వ రోజున ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక ఒంట్లో పెరిగే హార్మోన్) పరీక్ష చేసి, అండమే విడుదల కావడం లేదన్నారు. అది నెలసరికి వారం ముందు చేయవలసిన పరీక్ష. నాకైతే 28వ రోజున చేయాలి. నెలసరి ఎన్ని రోజులకు వస్తుందని అక్కడ ఒక్కరూ అడగలేదు. ఆటోలో బైరాగిపట్టెడలోని మా ఇంటికి చేరేదాకా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

నర్సుగా పనిచేసిన మా పిన్ని చెబితే, రోజూ ఒంటి వేడి చూసి రాసుకోవడానికి థర్మామీటర్ కొన్నాను. అండం విడుదలయ్యాక ఆ వేడి కాస్త పెరుగుతుందట. మెలకువ రాగానే, మంచం దిగకముందే నాలుక కింద పెట్టుకోవాలి. మా ఆయన తిరుమల ఘాట్ బస్సు డ్రైవరు. తెల్లవారుజాము డ్యూటీ ఉంటే నేనూ మూడింటికే లేచి క్యారియర్ కట్టాలి. నిద్ర చాలకపోయినా, జ్వరం తగిలినా అంకె తప్పుతుంది కనుక ఆ రోజుల చుట్టూ సున్నా చుట్టేదాన్ని. మూడో నెలకు నోటుపుస్తకంలో వరస తేలింది. 97.2, 97.0, 97.2 అంటూ వచ్చిన వేడి 22వ రోజున 97.8 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఎక్కింది. మళ్లీ నెలసరి దాకా దిగలేదు.

అయితే ఈ వేడి అండం విడుదలయ్యాకే పెరుగుతుంది. అండం బతికేది ఒక్క రోజు, వీర్యకణాలు అయిదు రోజుల దాకా ఉండగలవు. అందుకే ముందు రోజులే ముఖ్యం. కొన్ని నెలల అంకెలు చూసి వచ్చే నెలను అంచనా వేసుకోవాలి. కోడిగుడ్డు తెల్లసొనలా సాగే స్రావం కనిపిస్తే ఆ రోజు దగ్గరపడినట్టే.

మరో డాక్టరమ్మ నా పుస్తకం పేజీ పేజీ తిప్పి చూసి, 28వ రోజుకు పరీక్ష రాశారు. అండం విడుదలైనట్టే వచ్చింది. మాకు ఇంకా బిడ్డ కలగలేదు. మా ఆయనకు పరీక్షలు ఇప్పుడు మొదలుపెట్టారు. అవి నాతోపాటే జరగవలసినవి. ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లు, బయటివాళ్లు లోపం నాదేనన్నారు.

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి. ఆ వాక్యం ముందు ‘28 రోజులకు నెలసరి వచ్చేవారికి’ అని చేర్చండి.

– ఒక పాఠకురాలు (పేరు ప్రచురించవద్దు), బైరాగిపట్టెడ, తిరుపతి