ఆటగాళ్ల సంఘం వార్షిక నివేదిక: ఆర్క్‌లకు ఒక ఊరు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని దాదాపు అంతా ఒక్క క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే ఒకే ఆట కథ) చుట్టూనే తిరిగింది. కొత్తగా చేరినవాళ్ల కోసం, అసలు ఎందుకు మొదలుపెట్టామో ముందు చెబుతాను.

పాచికలతో, ఊహతో పాత్రలు వేసుకుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. అందులోని జీవుల జాబితా అయిన 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ తెరిస్తే ప్రతి జీవి పక్కనా దాని అలైన్‌మెంట్, అంటే మంచిదో చెడ్డదో చెప్పే గుణం, రాసి ఉంటుంది. ఆర్క్ (మనిషిని పోలిన, కథల్లోని భీకర జీవి) పక్కన ఈవిల్, అంటే దుష్టజీవి, అని ఉంది. అంటే చంపినా పాపం లేదు, పైగా పాత్ర బలం పెంచే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు. 2016లో వచ్చిన ఒక పుస్తకం ప్రకారం ఆర్క్‌గా ఆడాలంటే తెలివిలో రెండు పాయింట్లు వదులుకోవాలి. ఆ కోతను 2020లో తీసేశారు. 2024 నాటి కొత్త ఆటగాళ్ల పుస్తకంలో 'రేస్' అన్న మాట పోయి 'స్పీషీస్' వచ్చింది, ఆర్క్ కూడా అందరితో పాటు ఎంచుకునే పాత్ర అయింది. "పుస్తకం మారింది సరే, మన టేబుల్ దగ్గర ఏం మారింది?" అని ఉగాది సమావేశంలో ఒక సభ్యురాలు అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. సొంత లోకం రాసుకుందామని ఆ రోజే అనుకున్నాం.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. ఆర్క్‌లను అడవితల్లి బిడ్డలుగా, తలకు ఈకలు కట్టుకుని మంట చుట్టూ ఆడే అమాయకులుగా రాశాను. మూడో సెషన్‌లో ఆదిలాబాద్‌లో పెరిగిన సభ్యుడొకరు క్యారెక్టర్ షీట్ (తన పాత్ర వివరాల కాగితం) పక్కన పెట్టేశారు. "మన సినిమాల్లో గోండుల్ని ఇలాగే చూపిస్తారండీ. రాక్షసుల్ని తీసేసి బొమ్మల్ని పెట్టారు" అన్నారు. ఆయన చెప్పింది నిజం. నోట్సు మొత్తం పక్కన పెట్టి మొదటికొచ్చాం.

రెండోసారి గుణం జోలికి పోలేదు. ఏం తింటారు, ఏం అమ్ముతారు, ఎవరికి బాకీ ఉన్నారు అని అడుగుతూ పోయాం. సముద్రం ఒడ్డున ఉప్పు మడులు ఆర్క్‌లవి. రాజు వాటిని లాక్కుని ఉప్పు మీద సుంకం వేశాడు. అప్పటి నుంచి రాత్రిపూట బండ్లు దోచేది ఆర్క్‌లే. కానీ అందరూ కాదు. కొందరు రాజు కొలువులోనే లెక్కలు రాస్తారు. కొందరు దోచిన సొమ్ములో వాటా కోసం సొంతవాళ్లనే పొడుస్తారు. మంచి ఆర్క్‌లను తయారు చేయాలన్నది మా ఉద్దేశం కాదు. దోచేవాడికీ, దోచనివాడికీ ఎవరి కారణం వాళ్లకుండాలి.

బాపట్ల నుంచి వచ్చిన సభ్యురాలు ఇందులో ఒక శాసనం చేర్చారు: ఆర్క్‌గా పుట్టినవాళ్లంతా దొంగలే, కాబట్టి రోజూ ఠాణాలో హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. ఇది కల్పన కాదు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది, దేశమంతటా 1952లో గానీ రద్దు కాలేదు. ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన స్టువర్టుపురం ఆ సభ్యురాలి ఊరికి దగ్గరే. ఆమె ఆ శాసనం చదువుతుంటే టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో ఈ ఏడాది మనం రాసినవాటిలో అదే గొప్పది.

దసరా ముందు జరిగిన సెషన్ గురించి కూడా రాయాలి. మనవాళ్లు ఎప్పటిలాగే కత్తులు దూసి గుహలోకి వెళ్లారు. గుమ్మం దగ్గర చిన్నపిల్లల చెప్పులు రెండు జతలు, పొయ్యి మీద ఉడుకుతున్న గంజి, గోడకు బొగ్గుతో గీసిన ఉప్పు లెక్క ఉన్నాయని డీఎం (కథ నడిపే వ్యక్తి) వర్ణించారు. మా యోధుడు ఇరవై ముఖాల పాచికను గుప్పిట్లోనే ఉంచుకుని కాసేపు ఆగి, "నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్తాను" అన్నాడు. తర్వాత రెండు గంటలు ఒక్క దెబ్బ పడలేదు, ఒక్కరూ ఫోన్ చూడలేదు.

అందరికీ ఇది నచ్చలేదు. వారమంతా ఆఫీసు టెన్షన్ పడి ఆదివారం వచ్చేది హాయిగా కొట్లాడుకోవడానికేనని నలుగురు సభ్యులు గట్టిగా చెప్పారు. అందులోనూ న్యాయం ఉంది. అందుకే కొట్లాటకు శత్రువులుగా అస్థిపంజరాలను అలాగే ఉంచాం. వాటికి ఇల్లూ లేదు, ఆకలీ లేదు. ఏ రోజు ఏ రకం ఆటో ముందే చెప్పాలని కూడా నిర్ణయించాం.

చందాలు పాచికలకూ ప్రింట్లకూ సరిపోయాయి. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు.

నల్లటి చర్మాన్నీ దుర్మార్గాన్నీ ఒకచోట కట్టేసిన డ్రౌలు అనే ఆటలోని మరో జాతి జోలికి ఈ ఏడాది పోలేదు. వాళ్లను తొందరపడి రాయకూడదు. వచ్చే ఏడాది రాక్షసులతో మొదలుపెడతాం. ఆ 1977 పుస్తకంలోని బొమ్మలో వాళ్లకు పులి తల. మనం విభీషణుడినీ హిడింబినీ ఘటోత్కచుడినీ ఎరిగి పెరిగినవాళ్లం. ఈ పని మనకంటే బాగా ఎవరు చేస్తారు? రాయాలనుకునేవాళ్లు వచ్చే సమావేశంలోగా కార్యదర్శికి పేరు ఇవ్వండి. గుణం రాయకండి, ముందు వాళ్ల ఊరి గురించి ఒక పేజీ రాసి తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి